అరవైలో పందొమ్మిది సార్లు

సరోజన కెనడాలోని మిస్సిసాగాలో మా వరసలోనే నాలుగిళ్ల అవతల ఉంటుంది. కరీంనగర్ దగ్గరి పిల్ల. ఎయిర్‌పోర్టు పక్కన మందుల గోడౌన్‌లో డబ్బాల మీద లేబుళ్లు సరిచూడటం ఆమె పని. తొమ్మిదేళ్లుగా అదే చేస్తోంది. భర్త ట్రక్కు నడుపుతాడు, వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. శనివారం మధ్యాహ్నాలు ఆమెకు ఏమీ తోచేది కాదు. అందుకని ఫ్లాస్కు నిండా అల్లం టీ పెట్టుకుని వెంకటేశ్వర రావు గారి బేస్‌మెంటుకు వచ్చేది.

అక్కడ ఆరు కుర్చీల పేక బల్ల ఉంది. ఇరవై ఏళ్లు అక్కడ రమ్మీయే ఆడారు. రెండు చలికాలాల కిందట అభిరామ్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు చేరి అందరికీ పోకర్ అలవాటు చేశాడు. పందెం లేదు. డబ్బుకు బదులు చిప్స్ అనే ప్లాస్టిక్ బిళ్లలు, పకోడీలు, అంతే. ఆ ఆరింటిలో కిటికీ వైపు కుర్చీ మా వారిది. పోయిన మార్చిలో ఆయన కాలం చేశాక అందులో ఎవరూ కూర్చోలేదు. వచ్చినవాళ్లు చలికోట్లు విప్పి దాని మీద పడేసేవాళ్లు.

జనవరిలో ఒక రోజు సరోజన మా ఇంటికి వచ్చి చాలాసేపు బియ్యం ఏరినట్టు మాటలు ఏరుకుంది. చివరికి చెప్పింది.

"అక్కా, ఆ కుర్చీల నేను కూసుంట అని అడుగుదామనుకుంటున్న. నీకు బాధైతే అడగ."

కోట్ల కింద ఉండేకంటే మనిషి కింద ఉండటమే కుర్చీకి నయం అన్నాను.

వెంకటేశ్వర రావు గారు కాదనలేదు గానీ ఒక షరతు పెట్టారు. ఫిబ్రవరి రెండో శనివారం వచ్చి ఆడాలి. అందరికంటే ముందు చిప్స్ పోగొట్టుకుని లేవకపోతే కుర్చీ ఆమెదే. ముందు లేస్తే మళ్లీ టీ ఫ్లాస్కే. అభిరామ్ నవ్వి, నెట్‌లో తను చూసే ఒకాయన వీడియోలు పంపిస్తానన్నాడు. అవి చూస్తే మూడు వారాల్లో ఎవరైనా ఆడగలరట.

సరోజనకు రమ్మీ బాగా వచ్చు. అదే ఆమెకు అడ్డమని మొదటి రోజే తెలిసింది. రమ్మీలో వరసగా నాలుగు ముక్కలు చేతికొస్తే ప్రాణం పోయినా వదలం. వంతు వచ్చినప్పుడల్లా ఒక ముక్క ఊరికే తీసుకోవచ్చు, ఎప్పుడో ఒకప్పుడు అతుకుతుంది. పోకర్ అలా కాదు. ఒక్కొక్కరికి రెండే ముక్కలు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తరవాత ఒకటి, ఆఖరున ఒకటి తెరుస్తారు. తెరిచినప్పుడల్లా ఆటలో ఉండాలంటే చిప్స్ పెట్టాల్సి రావచ్చు, లేదంటే ముక్కలు దించేయాలి. వరస కోసం కూర్చుంటే చిప్స్ కరిగిపోతాయి.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇంగ్లిషు అంతంతమాత్రం. కానీ ఇరవై ఆరేళ్లు మా వారి వెనక కుర్చీ వేసుకుని పేకాట చూశాను. వెనక కూర్చున్నవాళ్లు నోరెత్తకూడదు, అది బల్ల మర్యాద. నోరెత్తని మనిషికి వినడం బాగా వస్తుంది. ఆట అయ్యాక టీ తాగుతూ అందరూ గెలిచిన ఆటే చెప్పేవాళ్లు. ఓడిన ఆటలో తన తప్పేమిటో చెప్పేవాడి సలహానే మా వారు తీసుకునేవారు. మిగతావాళ్లకు ఊ కొట్టి పకోడీల పళ్లెం జరిపేవారు.

అదే కొలత పెట్టుకుని మా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. సరోజన వీడియో పెడుతుంది, చదివి చెబుతుంది. నేను వింటాను. అభిరామ్ పంపినాయన మెరిసే చొక్కా వేసుకుని గబగబా మాట్లాడేవాడు. పదకొండు వీడియోలు చూశాం. ఒక్కదాంట్లోనూ ఓడిపోలేదు. వీడియో కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవమన్నాను. లేబుళ్లు చదివే కళ్లు కదా, ఒక్క క్షణంలో పట్టుకుంది. ఆ లింకు నొక్కి డబ్బులకు పోకర్ ఆడించే సైటులో చేరిన ప్రతి మనిషి మీదా ఆయనకు వాటా వస్తుందట. అందుకే ప్రతి ఆటలోనూ దిగమంటున్నాడు. మిఠాయి దుకాణంవాడిని తిననా వద్దా అని అడిగితే తినమనే అంటాడు.

నెట్‌లోనే దొరికిన ఇంకొకాయనవి రాతలే గానీ వీడియోలు లేవు. చదవడానికి చప్పగా ఉన్నాయి. వచ్చిన ముక్కలను ఎక్కువసార్లు దించేయమన్నాడు. తొమ్మిది మంది ఆడే బల్లకు రాసిన మాట ఇది, ఆరుగురే ఉంటే ఇంకాస్త ధైర్యం చేయొచ్చు అని కూడా రాశాడు. కింద తన ఆట ఒకటి పెట్టి, ఇక్కడ నేను తొందరపడ్డాను అన్నాడు. తన మాట ఎక్కడ పనికిరాదో చెప్పినవాడు. నాకు ఆయన మీద గురి కుదిరింది.

సరోజనకు కుదరలేదు. చొక్కా ఆయన ఒక మాట అన్నాడు: మధ్యలో మూడు ముక్కలు తెరిచేసరికి వరసగా నాలుగు కుదిరి, రెండు చివర్లా తెరిచి ఉంటే, సగం సార్లు ఐదో ముక్క వచ్చి వరస పడుతుందని. రమ్మీ చేతికి ఆ మాట తేనెలా ఉంది. చప్పటి రాతలాయన మాత్రం మూడింట ఒకసారే అన్నాడు. ఎవరిది నిజం?

"మనమే పంచి చూద్దాం," అన్నాను.

ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, వాటితో పాటు ఒక రాజు పక్కన పెట్టాం. మిగతా పేక కలిపి రెండు ముక్కలు తెరవడం, ఐదో పదో వస్తే కాబూలీ శనగ ఒకటి గిన్నెలో వేయడం, మళ్లీ కలపడం. అరవై సార్లు తెరిచాం. మధ్యలో ఒకసారి పప్పు మాడింది. ఆఖరున శనగలు లెక్కపెడితే పందొమ్మిది.

సరోజన ఆ గిన్నె వంక చూసి ఫోన్‌లో చొక్కా ఆయన్ని తీసేసింది. తప్పు లేబుల్ పడ్డ డబ్బాను పక్కకు నెట్టినట్టే నెట్టింది. మిగిలిన పది రోజులూ చప్పటి రాతలే చదివింది. చదివిన ప్రతి మాటనూ శనగల మీద పెట్టి చూసింది.

ఆ శనివారం మంచు బాగా పడింది. కోట్లు మెట్ల కమ్మీ మీద వేశారు. సరోజన ఆ కుర్చీలో కూర్చుంది, నేను పాత అలవాటు చొప్పున వెనక. మొదటి గంటంతా ఆమె ముక్కలు దించేస్తూనే ఉంది. ఇలాగైతే నిద్రొస్తుంది ఆంటీ అని అభిరామ్ ఆటపట్టించాడు. ఆమె పకోడీ తింది.

తరవాత వంతు ప్రకారం ముక్కలు చూడకముందే కొన్ని చిప్స్ పెట్టాల్సినది ఆమే అయింది. ఎవరూ పెంచలేదు కాబట్టి చేతిలో ఆరు, తొమ్మిది ఉన్నా ఇంకేమీ పెట్టకుండా మధ్య ముక్కలు చూసే వీలు దొరికింది. మధ్యలో ఏడు, ఎనిమిది, రాజు తెరిచారు. మా వంటింటి బల్ల మీది ముక్కలే. వెంకటేశ్వర రావు గారు తన చిప్స్ మొత్తం ముందుకు తోశారు. అభిరామ్ కూడా తనవన్నీ తోశాడు. అతని కంటే రావు గారివే ఎక్కువ. ఇక సరోజన వంతు. ఆటలో ఉండాలంటే తనవీ అన్నీ తోయాలి, ఓడితే కుర్చీ పోతుంది.

నేను నోరెత్తలేదు. ఆమె వెనక్కి తిరిగి చూడనూ లేదు. ముక్కలు మూసి దించేసింది.

రెండు ముక్కలు తెరుచుకున్నాయి. ముందు ఒక రెండు, ఆ తరవాత ఒక పది. సరోజన ఉండి ఉంటే వరస పడేది, బల్ల మీదవన్నీ ఆమెవే అయ్యేవి. రావు గారు మూడు ఎనిమిదులు చూపించారు. అభిరామ్ చేతిలో ఒక ఆసు, ఒక రాజు. అతని ముందు ఒక్క చిప్ కూడా మిగల్లేదు.

ఏం దించేశారని అతను అడిగితే ఆమె తిప్పి చూపించింది. బల్లంతా అయ్యో అంది.

"సీక్వెన్స్ వదిలేశారా ఆంటీ? గెలిచేవారు కదా!"

"ఇది ఆ పందొమ్మిదిల ఒకటి బాబూ," అంది సరోజన. "మిగిలిన నలభై ఒకటి నువ్వు చూడలే."

అతనికి అర్థం కాలేదు. నాకు అయింది. ఇంకోసారి అవే ముక్కలు వచ్చినా మళ్లీ దించేస్తుందని ఆమె భుజాలు చూస్తేనే తెలిసింది.

రావు గారు చిప్స్ పేర్చుకుంటూ, వచ్చే వారం నుంచి టీ ఎవరు తెస్తారమ్మా మరి అన్నారు.

"ముందుగాల లేసినోళ్లు తెస్తరు అంకుల్."

అందరూ అభిరామ్ వైపు చూశారు. అల్లం వేయాలా అని అడిగాడు పాపం.

కుర్చీ మీద మా వారి నడుము దిండు అలాగే ఉంది. వెళ్లేటప్పుడు తీసుకెళ్లనా అని సరోజన చెవిలో అడిగాను. ముక్కలు కలుపుతూనే వద్దంది.

"ఉండనీ అక్కా. మంచిగుంది."