నలభై పేజీల చూచిరాత

మా అమ్మాయి ఒకటో తరగతి పరీక్షలయ్యాక వాళ్ల తెలుగు టీచరు నన్ను పిలిపించారు. పిల్ల రాత కోడి కెలికినట్టుందని, సెలవుల్లో నలభై పేజీలు చూచిరాత రాయించి తెస్తేనే రెండో తరగతిలో కూర్చోబెడతామని చెప్పారు. రోజుకో పేజీ, అదెంత పని అనుకున్నాను.

మాదాపూర్ వైపు కంప్యూటరు కంపెనీలకని గాజు మేడ లేస్తున్న రోజులవి. ఇక ముందంతా కంప్యూటర్లే, చేతిరాతతో పనేముంది అని మా ఆఫీసులో అనుకునేవారు. ఆ సంగతి టీచరుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

మేం లింగంపల్లిలో అద్దెకుండేవాళ్లం. పొద్దంతా సర్కారు ఫైళ్లు రాసి, బస్సులో దుమ్ము మింగుతూ నిలబడి ఇల్లు చేరేసరికి అక్షరం కనిపిస్తే నాకే ఒళ్లు మండేది. అయినా చెప్పులు విప్పకుండానే పుస్తకం తియ్యమనేదాన్ని. దాని పద్ధతి దానిది. వాక్యం చూసి రాయదు. మొదటి మాటను పై గీత నుంచి కింది గీత దాకా నిలువుగా దించేస్తుంది, తర్వాత రెండో మాట. ఆఖరున తలకట్లు పెట్టుకుంటూ వచ్చి సగం మర్చిపోతుంది. నేను చెరిపేదాన్ని, కాగితం చిరిగేది, అది ఏడ్చేది. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ ఆ ఏడుపు వినలేకపోయేది.

"జర ఇడిసిపెట్టు బిడ్డా, ఎండకాలం గూడ పోరికి సదువేనా" అనేది.

నాకు మాత్రం సరదానా? తోటిపిల్లలంతా పైతరగతికి పోయి ఇదొక్కతీ మిగిలిపోతుందేమోనని భయం.

బడి తెరవడానికి ముందురోజు, ఆదివారం మధ్యాహ్నానికి, ఇంకా పదకొండు పేజీలున్నాయి. కరెంటు లేదు. అది చాప మీద పడుకుని ఉంది. లేపబోయి ఆగాను. ఓపిక లేదు, అంతే. పెన్సిలు ఎడమచేత్తో పట్టుకుని, దాని రాతలాగే వంకరగా నేనే రాసేశాను. సిగ్గు లేకుండా నిలువుగానే రాశాను. నిజంగానే త్వరగా అయిపోతుంది. అది లేచాక, పేజీలు లెక్కపెట్టడంలో నాదే పొరపాటని, అన్నీ అయిపోయాయని అబద్ధం చెప్పాను. తలూపి ఆటలకు పోయింది.

రెండో తరగతిలో కూర్చోబెట్టారు. వారానికి పుస్తకం తిరిగొచ్చింది. దాని ఇరవై తొమ్మిది పేజీల నిండా ఎర్రసిరా దిద్దుబాట్లు. నా పదకొండింటి చివర మాత్రం 'గుడ్' అని ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా రాతనెవరూ మెచ్చుకోలేదు, నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం హోంవర్కు తియ్యమంటే అది మారాం చెయ్యలేదు. కొత్త పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పెన్సిలు నా ఎడమచేతికి అందించింది. ఆ ఆదివారం అది నిద్రపోలేదని అప్పుడు తెలిసింది.

"నువ్వే రాయి మమ్మీ" అంది. "నేను రాస్తే మంచిగుండదు. మేడంకి నీదే నచ్చింది."

అలిగి అన్న మాట కాదు, నమ్మి అన్నది. ఎప్పటిలా ఏడ్చినా బాగుండును అనిపించింది.