బాపమ్మ గంజు

రేపు మా బాపమ్మ సంవత్సరీకం. కాలనీవోళ్లందరికి పప్పన్నం పెడ్దామని, ఆమె పెద్ద ఇత్తడి గంజు కోసం పొద్దున సజ్జ ఎక్కి చూసిన. లేదు! మా గోదావరిఖని క్వార్టర్లల్ల పెండ్లయినా చావయినా ఆ గంజులోనే అన్నం ఉడకాలె. బతికినన్ని రోజులు బాపమ్మ ఎవ్వరికీ లేదనలే.

ఇల్లిల్లు అడుక్కుంట పోతే, ఆఖరికి వెనుక లైన్ల రజియా అక్క ఇంట్ల కనవడ్డది.

"అక్కా, గంజు తీస్కపోత."

"తీస్కపో తమ్మీ. రేపు పొద్దుగూకే వరకు తెచ్చియ్యాలె. ఎల్లుండి పెండ్లోళ్లకు మాటిచ్చిన."

"అది మా గంజక్కా!"

"అయితే ఏంది? చింతపండుతోని తోమి తేవాలె. అడుగున మాడు కనవడితే మల్ల ఇయ్య. ఈ రూలు నాది కాదు, మీ బాపమ్మదే."

మూసుకొని సరే అన్న. ఏడాది సంది ఆ గంజు ఇంటింటికి తిరుగుతనే ఉన్నదంట, మాకే తెల్వదు. బాపమ్మ పోయింది గని, ఇంకా డ్యూటీ దిగలే.

రేపు అందరు తిననీకి రండ్రి. తోమనీకి ఎవరెవరు ఆగుతరో మాత్రం ఇప్పుడే కింద కామెంట్లల్ల చెప్పుండ్రి.