ఉడతను దాటించలేని బాబాయ్

"...అంటే ఉడత పడిపోతే తప్పు మెషిన్‌దా, మీ బొటనవేలిదా?"

"వేలు బాగానే ఉంది సార్. ఉడతే తొందరపడింది."

"పొద్దుట్నుంచి పదకొండుసార్లు పడింది!"

"పన్నెండు సార్. మీరు ఫోన్ చూసుకుంటున్నప్పుడు ఒకసారి పడింది. ఇంకొక్కసారి చూద్దాం."

పైనుంచి వచ్చిన ఆఫీసరుతో కూడా అనే ఈ ఇంకొక్కసారే మా బాబాయ్ జబ్బు. ప్రపంచంలో ఏ పనైనా ఒక్కసారితో అయిందంటే ఆయన నమ్మడు. బాబాయ్ అంటే నాకు చుట్టమేమీ కాదు. మా గదిలో అందరికంటే పెద్దవాడు కనక అలా పిలిచేవాళ్ళం. వీడియో గేమ్ మెషిన్లు తయారుచేసే ఆ కంపెనీలో ఆయనది ఇరవయ్యారేళ్ళ నౌకరీ.

సాయంత్రం గదికి తాళం వేసి లాగి చూసేవాడు. మెట్లన్నీ దిగి, మళ్ళీ ఎక్కి లాగేవాడు. ఒకరోజు బస్సెక్కి, టికెట్ తీసుకుని, తరవాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చి లాగాడు. తాళానికేమీ కాలేదు, గొళ్ళెం ఊడి చేతికొచ్చింది.

"చూశావా, నేను లాగబట్టి తెలిసింది," అన్నాడు.

"నువ్వు లాగబట్టే ఊడింది బాబాయ్," అన్నాడు మా పెట్టెలాయన. బాగైన మెషిన్లను అట్టపెట్టెల్లో సర్ది పంపడం అతని పని. నోరు ఊరుకోదు.

బాబాయ్ భార్యను పిన్ని అనేవాళ్ళం. పెళ్ళి చేసుకుంటావా అని ఆయనే అడిగి, ఆవిడ సరేనన్నాక, "ఇంకొక్కసారి అను" అన్నాడట. "ముప్ఫయ్యేళ్ళ నుంచి అంటూనే ఉన్నానమ్మా, ఆయనకింకా రూఢి కాలేదు," అనేది పిన్ని.

మా కంపెనీ మెషిన్ లేని ఇల్లు లేదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉంది, అటక మీద. మూడో మెషిన్ ఇస్త్రీపెట్టెలా వేడెక్కేది. వేడెక్కకూడదని నాలుగోదాన్ని ఎంతో జాగ్రత్తగా తయారుచేశారు. అది వేడెక్కలేదు. సగం ఇళ్ళలో వెలగనూ లేదు. ఆ తరవాత జనం ఫోన్లలో ఆడుకోవడం మొదలుపెట్టారు. పై అంతస్తు ఖాళీ అయింది, ఆ కిందిది ఖాళీ అయింది. క్యాంటీన్లో ముందు బిస్కెట్లు పోయాయి, తరవాత టీ పోయింది, చివరికి కుర్చీలు పోయాయి. ఎనిమిది నెలల కిందట ఫ్యాక్టరీ కూడా మూసేశారు. అక్కడినుంచి మిగిలి మా రిపేరు గదికి వచ్చినవాడే బాబాయ్. వాకిట్లో ఉన్న కంపెనీ బొమ్మ ఉడతకు తోక ఊడిపోతే అతికించేవాడు లేడు.

పైన కూర్చున్న కొత్త ఆఫీసరు సబ్బుల కంపెనీ నుంచి వచ్చాడు. మా మెషిన్ మీద ఆయన ఆడగా ఎవరూ చూడలేదు. మీటింగుల్లో మాత్రం ఫోన్‌లో పేకాడేవాడు.

మంచి రోజుల్లో పెట్టిన నియమం ఒకటి మా గదిలో ఇంకా నడుస్తోంది. రిపేరైన మెషిన్ మీద ఒక మనిషి కూర్చుని ఆట ఆడాలి. ఆ ఆటలో ఉడత ఏటి మీది మొదటి వంతెన దాటాలి. దాటితేనే కార్డు మీద సంతకం పెట్టి పంపాలి. ఆ వంతెన పలకలు ఒక్కొక్కటే ఊడిపోతూ ఉంటాయి, ఊడేలోగా గెంతాలి. ఏడేళ్ళ పిల్లలు కూడా దాటించేవారు. బాబాయ్ వల్ల అయ్యేది కాదు.

"ఉడతాభక్తి విన్నాను గాని, ఉడత మీద ఇంత పగ ఎక్కడా చూళ్ళేదు," అనేవాడు పెట్టెలాయన.

"పగేంట్రా, పాపం నీళ్ళు చూసి జడుసుకుంటోంది. ఇంకొక్కసారి."

అలా రోజంతా కుస్తీపడితే ఆరు మెషిన్లు వెళ్ళేవి. ఎప్పుడూ ఆరే.

పెట్టెలాయన నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. మా పాపకు చెవి ఆపరేషన్ చేయాలి. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన తేదీ తొమ్మిది వారాల దూరంలో ఉంది. ఆపరేషన్ జరగాల్సింది కంపెనీ ఇచ్చిన వైద్యం కార్డు మీద. గది ఉంటే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే కార్డు. నాది టంకం పని, మెషిన్ లోపలి తీగలు అతకడం. కొత్తగా రిపేరుకు వచ్చేవి ఆగిపోయాయి. ఉన్నవాటన్నిటికీ ఎప్పుడో టంకం వేసేశాను. పరీక్ష కాని మెషిన్లు గోడవారగా నా ఎత్తున పేరుకున్నాయి. నేను చేతులు కట్టుకుని ఉడత నీళ్ళలో పడడం చూస్తూ కూర్చునేదాన్ని. ప్రతి 'బుడుంగు'కీ మా పాప చెవే కళ్ళముందు మెదిలేది. ఇంత నత్తనడక నడిచే గదిని ఎవరైనా ఎన్నాళ్ళు ఉంచుతారు?

"బాబాయ్, కాసేపు నేను ఆడనా?"

"నీ చేతులు టంకానికమ్మా. బొటనవేళ్ళు పాడుచేసుకోకు."

"మీవి బాగుపడే వేళ్ళలా లేవు మరి!"

"అంతమాటనకు. ఇంకొక్కసారి చూడు," అని ఉడతను నీళ్ళలో పడేశాడు.

ఆ రాత్రి పాప పడుకున్నాక ఆఫీసరుకు ఉత్తరం రాశాను. పదకొండేళ్ళలో నేను వేసిన అతుకు ఒక్కటీ తిరిగి రాలేదని రాశాను. అది నిజమే. పెద్దాయన్ను తప్పించి ఆ సీటు నాకిస్తే రోజుకు పాతిక మెషిన్లు పంపిస్తానని రాశాను. అదీ నిజమే. పొద్దున్నే పైకి వెళ్ళి ఇచ్చాను.

ఆఫీసరు రెండుసార్లు చదివాడు. ఆయన నవ్వడం మొదటిసారి చూశాను.

"ఇన్నాళ్ళకు ఒక బాధ్యత గల మనిషి కనిపించారు. అన్నీ ఎప్పటికి అయిపోతాయంటారు?"

"రెండు వారాలు సార్. మహా అయితే ఇంకో రెండు రోజులు."

"ఖాయమేనా?"

"ఖాయం సార్."

అంత ఆత్రంగా ఎందుకు అడుగుతున్నాడో నాకు తట్టలేదు. మెచ్చుకున్నాడని పొంగిపోయి మెట్లు దిగాను.

మధ్యాహ్నం భోజనానికి పెట్టెలాయనతో బయటికి వెళ్ళి, డబ్బా మరిచిపోయానని వెనక్కి వచ్చాను. గదిలో బాబాయ్ ఒక్కడే ఉన్నాడు. కుడిచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. ఎడమచేత్తో కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని ఆడుతున్నాడు. ఉడత మొదటి వంతెన దాటింది. రెండోది దాటింది. మూడో వంతెన ఒకటుంటుందని పదకొండేళ్ళలో నేను వినడమే గాని చూడలేదు. అదీ దాటింది. బాబాయ్ తెరవైపు చూడటం కూడా లేదు, పచ్చడి ఎక్కడుందా అని డబ్బాలో వెతుకుతున్నాడు. ఆ తరవాత మెషిన్ ఆపి, ఎడమచేత్తోనే కార్డు మీద వంకరగా రాశాడు: 'వంతెన దగ్గర పడింది. మళ్ళీ పరీక్షించాలి.'

"బాబాయ్!"

ఉలిక్కిపడ్డాడు. దొంగతనంగా బెల్లం తింటూ దొరికిన పిల్లాడిలా మొహం పెట్టాడు.

"ఒక్కోసారి గుడ్డిగా కూడా తగులుతుందమ్మా."

"ఎడమచేత్తోనా? మూడు వంతెనలా?"

కంట్రోలర్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ పలకలు ఎంతసేపటికి ఊడాలో నన్ను కూర్చోబెట్టి ఆడించే లెక్క కట్టారు. అప్పుడు నాకు జుట్టుండేది."

"మరి ఈ నాటకమంతా ఎందుకు? ఇట్లా పనిని నత్తలా పాకిస్తూ పోతే గది మూసేయరా?"

"పాకకపోతేనే మూసేస్తారు. ఆఖరి మెషిన్ గడప దాటిన రోజే తాళం వేయాలని నిర్ణయం అయిపోయింది. పెద్దవాణ్ణి కదా అని ఆఫీసరు నాకొక్కడికే చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

నేను స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"అక్కడ మూడువందల ముప్ఫయ్యారు ఉన్నాయి," అన్నాడు గోడవైపు చూపించి. "రోజుకి ఆరు చొప్పున, వారానికి ఆరు రోజులు పంపితే మీ పాప ఆపరేషన్ అయ్యాక ఇంకో రెండు రోజుల పని మిగులుతుంది. ఆ రెండు రోజులూ నువ్వు ఆసుపత్రిలో ఉండాలిగా. నాలుగుసార్లు లెక్క చూశాను."

"నాకు చెప్పొచ్చుగా బాబాయ్!"

"చెబితే నిద్రపోతావా? అసలే పిల్ల గురించి బెంగతో ఉన్నావు." పచ్చడి దొరికింది. "ఎవరితోనూ అనకు. పెట్టెలాడితో అసలనకు, వాడి కడుపులో మాట ఆగదు."

"ఉత్తరం ఇచ్చేశాను," అన్నాను.

"ఏం ఉత్తరం?"

చెప్పాను. మిమ్మల్ని తప్పించమని రాశాననీ చెప్పాను. ఆయన ముద్ద నమిలి, మింగి, నీళ్ళు తాగాడు.

"రోజుకి పాతికా?"

"పాతిక."

"ముప్ఫయి అవుతాయే నీ స్పీడుకి. తక్కువ రాశావు," అని నవ్వాడు.

మర్నాడు పదింటికి ఆఫీసరు స్వయంగా గదిలోకి వచ్చాడు. నా ఉత్తరం తీసి నిలబడే చదవడం మొదలుపెట్టాడు. వినేవాళ్ళం ముగ్గురమే అయినా సభలో చదివినట్టు గొంతు పెంచాడు. పెద్దాయన్ను తప్పించాలన్న చోట ఆగి, బాబాయ్ వైపు చూశాడు. పెట్టెలాయన నావైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఇంకొక్కసారి చదవండి సార్," అన్నాడు బాబాయ్ తెర తుడుస్తూ. "అమ్మాయి బాగా రాసింది."

ఆఫీసరు కాగితం మడిచాడు. "ఈ పూట నుంచే ఆవిడ ఆ సీట్లో కూర్చుంటారు. పదకొండేళ్ళలో ఒక్క అతుకూ తిరిగి రాని మనిషి. చూసి నేర్చుకోండి. ఏమ్మా, మొదలుపెడతారా?"

నేను లేచి గోడవారకు వెళ్ళి, అన్నిటికంటే పైనున్న మెషిన్ దించి నా బల్ల మీద పెట్టాను. స్క్రూడ్రైవర్ తీసుకున్నాను.

"ఆ సీటు నాకొద్దు సార్," అన్నాను. "గోడవారనున్న ఈ మెషిన్లన్నిటికీ నేను వేసిన టంకం సరిగ్గా పడలేదు. అన్నీ విప్పి మళ్ళీ వేస్తాను."