జడపిన్నుల తాతయ్య

మా మేడలో సెలూన్ తాతయ్య తలమీద ఒక్క వెంట్రుక లేదు. జేబులో మాత్రం ఎప్పుడు చూసినా గుప్పెడు జడపిన్నులు ఉంటాయి. అవి కొన్నవి కావు. మెట్లమీద ఎదురైన ఆడవాళ్లందరినీ ఆపి అడిగి తీసుకున్నవి.

"అమ్మా, ఒక పిన్ను ఇప్పిస్తారా? తిరిగిచ్చేస్తాను."

తిరిగిచ్చిన పాపాన పోలేదు. ఇచ్చినావిడ ఒక చేత్తో ముడి పట్టుకుని బజారుకి పోవాల్సిందే. మూడో అంతస్తు మామ్మ మాత్రం ఊరుకునేది కాదు.

"బోడిగుండుకీ మోకాలికీ ముడేసినట్టు, నీ తలకీ నా పిన్నుకీ ఏం సంబంధమయ్యా?"

"నాక్కాదమ్మా, మా అబ్బాయికి."

అబ్బాయంటే హనీసకిల్ తీగ. కింద తన గది ముందు నాటి, నీళ్ల గొట్టం మీదుగా మూడో అంతస్తుదాకా ఎక్కించాడు. సాయంత్రానికి తెల్లగా విచ్చుకున్న పూలు తర్వాత పసుపుపచ్చగా మారేవి. వాటి వాసన పిలవకుండానే మెట్లెక్కి ఇళ్లలోకి వచ్చేది, అచ్చం తాతయ్యలాగే.

బతుకంతా సెలూన్ నడిపిన మనిషి. దుకాణం మూసేశాక ఆ చేతులు ఊరుకోలేక తీగమీద పడ్డాయి. పూత అయిపోగానే తీగ మొదట్లో ఒక పాత తువ్వాలు చుట్టి, కత్తెర గాల్లో రెండుసార్లు ఆడించేవాడు.

"పక్కల దగ్గరగా తీసేయనా బాబూ? పైన కొంచెం ఉంచుదామా? తల కదపకూడదు."

ముదిరి ఎండిన కాడలు మొదలంటా కోసేవాడు. చిక్కులు విడదీసేవాడు. లేత కొమ్మల జోలికి మాత్రం పోడు. "ఇది వచ్చే ఏటి పూత. దీన్ని ముట్టుకుంటే కస్టమరు మళ్లీ రాడు" అనేవాడు. అంతా అయ్యాక చేతి అద్దం పట్టి, తీగకి దాని వెనక భాగం చూపించేవాడు. అది బాగుందనేదాకా కదిలేవాడు కాదు.

పిన్నుల సంగతికొస్తే, తాతయ్య మట్టి నింపిన కుండీతో మా వసారాల్లోకి వచ్చేవాడు. కమ్మీల దాకా పాకిన లేత తీగనొకదాన్ని వంచి, కణుపు కింద బెరడు గోటితో కాస్త గీకి, దాన్ని మట్టిలో పడుకోబెట్టి, పైకి లేవకుండా జడపిన్ను గుచ్చేవాడు. కొస మాత్రం బయటికి ఉండేది. కణుపుకి వేరు పట్టాక తల్లితీగ నుంచి కోసేస్తే అది వేరే మొక్క.

"పట్టిందో లేదో నేనే వచ్చి చూస్తాను. మీరు ముట్టుకున్నారంటే వాడలుగుతాడు."

రోజూ వచ్చేవాడు. రెండు వేళ్లతో తీగ లాగి, కుండీకి చెవి ఆనించి, పెదవి విరిచేవాడు.

"ఊహూఁ. ఇంకా పట్టలేదు." ఆ వెంటనే కుర్చీ లాక్కునేవాడు.

అమ్మ మంచాన పడ్డప్పుడు నా చదువు ఆగింది. అమ్మ పోయాక మళ్లీ మొదలు కాలేదు. నాన్న లారీ మీద ఊళ్లు తిరిగి, ఎప్పుడో వచ్చి నిద్రపోయి, మళ్లీ వెళ్లిపోతాడు. నేను రెండో అంతస్తులో కూర్చుని బట్టల దుకాణం వాళ్లకి చొక్కాల గుండీలు కుడతాను. ఎవరైనా తలుపు తడితే ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. తాతయ్యకి మొదటి పిన్ను తలుపు సందులోంచే ఇచ్చాను. తర్వాత ఆయన కుండీతో సహా ఆ సందులోంచే లోపలికి వచ్చేశాడు.

"నీ పిన్ను తిరిగివ్వమన్నావుగా అమ్మాయ్, ఇదిగో. కాకపోతే మట్టిలో ఉంది."

"నేను అడగలేదు" అన్నాను. ఆ రోజు నా నోట వచ్చిన మొదటి మాట అది. అప్పటికి పొద్దుగూకుతోంది.

"ఏం వండావు?"

"ఏమీ లేదు."

"అదేం కూర? నేనెప్పుడూ తినలేదే! రేపు కాస్త వేరేది వండు. ఆకలితో ఉన్నవాళ్లింట్లో వీడికి వేరు పట్టదు."

అందుకని వండేదాన్ని.

మా ఎదురింటి ఇల్లాలు తనకీ ఒక కుండీ కావాలంది. "మీ ఇంట్లో పిల్లలు, అత్తగారు, మరుదులు! ఆ గోలకి వేరు బెదిరిపోతుందమ్మా" అనేశాడు. ఆవిడ మూతి ముడుచుకుంది. కుండీలు మా ఇంట్లో, మామ్మ ఇంట్లో, మొదటి అంతస్తులో ఒక్కడే ఉండే లెక్కల మాస్టారి ఇంట్లో మాత్రమే ఉండేవి. పూతలు వచ్చాయి, పోయాయి. మూడింటిలో ఏ ఒక్కదానికీ వేరు పట్టలేదు.

"నీ చెయ్యి మంచిది కాదయ్యా" అనేది మామ్మ.

"నిజమేనమ్మా. సొంత జుట్టుకే వేరు నిలపలేకపోయాను" అని గుండు నిమురుకునేవాడు.

ఈ ఏడు ఇంటి యజమాని మేడకి రంగు వేయించాడు. గోడమీద తీగ ఉండకూడదన్నాడు.

"పైన ఇంకా వేర్లు పట్టలేదండీ, కాస్త ఆగండి."

"ఎన్నాళ్లు?"

"అది వాడిష్టమండీ."

యజమాని ఆగలేదు. పనివాళ్లు తీగని మొదలంటా నరికి, పైన కమ్మీల దగ్గరికి కోసి లాగేశారు. తాతయ్య తువ్వాలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం పైకి రాలేదు.

నా కుండీలోది రేపో మాపో వాడిపోతుందనుకున్నాను. వాడలేదు. పైగా చిగురు వేసింది. మొదటిసారి రెండు వేళ్లతో లాగి చూశాను. తీగ రాలేదు, కుండీయే లేచింది.

పైనుంచి కేక వినిపించింది. "అమ్మాయ్, నీది బతికిందా?"

"బతికింది మామ్మా!"

"నాదీ బతికింది! మాస్టారూ, మీదో?"

"నాది మొదటి ఏడే వేరు పట్టేసి ఉంటుంది" అన్నాడు కిందనుంచి మాస్టారు.

"ఓరి గుండు! ఇన్నాళ్లూ మనల్ని..." అంటూ మామ్మ ఆగిపోయింది. గొంతు తగ్గించి అంది, "మరిప్పుడు ఏ వంకతో వస్తాడు?"

రాలేదు. దొరికిపోయిన దొంగలా తలుపేసుకున్నాడు. గుండీలు కుడుతుంటే నా చెవి మెట్లమీదే ఉండేది.

చివరికి కుండీ ఎత్తుకుని నేనే కిందికి దిగాను. తలుపు తట్టాను. లోపల ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు.

"తాతయ్యా, కుండీ బరువుగా ఉంది."

తలుపు సందు చేసి చూశాడు. "వేరు... పట్టినట్టుందే" అన్నాడు, నా ముఖం చూడకుండా.

ఆయన గుమ్మం పక్కన మట్టితో ఖాళీ కుండీ ఉంది. నాది దాని పక్కన దించి, పొడుగు తీగ వంచి, కణుపు గీకి మట్టిలో పెట్టాను. నా తలలోంచి పిన్ను తీసి గుచ్చాను. జుట్టంతా ఊడి ముఖంమీద పడింది. అదే మంచిదైంది, నా ముఖం కనబడలేదు.

"ఇది మీకు. నేనే వచ్చి చూస్తాను. మీరు ముట్టుకోవద్దు."

తాతయ్య చతికిలబడి, కుండీకి చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు.

"ఎన్నాళ్లు పడుతుందంటావు?"

"మొండి రకం తాతయ్యా, చెప్పలేం. ఏం వండారు?"

"ఏమీ లేదు."

"అదేం కూర?"

ఆయన నవ్వి, లోపలికెళ్లి కుర్చీ తెచ్చి నాకు వేశాడు.

"నీ పిన్ను తిరిగిచ్చేస్తానమ్మాయ్, వేరు పట్టగానే."

రోజూ దిగి వెళ్లి చూస్తున్నాను. ఇంకా పట్టలేదు.