ఆడిటరు గురించి నేను చెప్పిన సాక్ష్యాన్ని వాపసు తీసుకుంటున్న

వెనుక కూసున్నోళ్ళు కొంచెం ముందుకు జరగండి సహోదరులారా, ఈ రోజు నేను మైకు పట్టుకోను, గొంతుతోటే చెప్త. ప్రభువు నామానికి స్తోత్రం. నేనెవరో మీ అందరికి ఎరుకే, ఇమ్మానుయేలును, మన దమ్మపేట బస్టాండు ఎదురుంగ సిమెంటు, ఇనుము షాపు నడిపినోణ్ణి, మా నాయన కొత్తగూడెం బాయిల బొగ్గు తవ్వి పెంచిన కొడుకును, మీరు సంఘ పెద్ద అని ముందు బెంచీల కూసోబెట్టిన మనిషిని. ఇదే చోట నిలబడి పోయిన ఏడు నేనొక సాక్ష్యం చెప్పిన, దేవుడు నాకు మంచి ఆడిటరును పంపిండని చెప్పిన, మీరందరు చేతులెత్తి హల్లెలూయ అన్నరు. ఆ సాక్ష్యం అబద్ధం! దాన్ని వాపసు తీసుకోనీకే ఇయ్యాల లేచిన, సిగ్గయినా చెప్త.

షాపు పెరిగింది సహోదరులారా, లారీల మీద లారీలు సరుకు దిగవట్టె, దాని ఎనకనే సేల్స్ టాక్స్ కాయితాలు, ఇన్‌కమ్ టాక్స్ కాయితాలు రావట్టె, నాకు అవి చదివితే తల తిరిగేది. మన దిక్కు ఆడిటరు దగ్గరికి ఎప్పుడు పోతరు? జొరం ముదిరినంక దవాఖానాకు పోయినట్టు పోతరు. మన పాస్టరు అయ్యగారే నాకు ముందుగాల చెప్పిన్రు, ఖమ్మంల రామ్మూర్తి గారని చార్టర్డ్ అకౌంటెంటు ఉన్నరు, పద్ధతి గల మనిషి, ఆయన దగ్గరికి పో అని. పోయిన. ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, బస్సుల నిలబడి, ఆ ఖమ్మం దాకా పోయిన. పెద్దాయన నన్ను కూసోబెట్టి అడిగిన మొట్టమొదటి మాట ఏందనుకున్నరు? "బిల్లు లేకుండ అమ్మేది ఏమన్న ఉంటదాండీ?" అని అడిగిండు. నాకు కోపం ముక్కు మీదుంటదని మీకు తెల్సు గదా! "నేను దొంగ తీరుగ కనవడుతున్ననా?" అని కుర్చీ ఎనక్కి నెట్టి బయటికొచ్చిన. ఆ కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్త వినండి. ఆయన అడిగింది నిజం గనుక వచ్చింది. లేకపోతే లేదని చెప్పి కూసునేటోణ్ణి.

గట్ల మండుతున్నోని దగ్గరికి ప్రభుదాసు వచ్చిండు. తెల్ల బట్టలు, చంకల పరిశుద్ధ గ్రంథం, మాట తేనె. ఖమ్మంల పెద్ద ఆడిటరునని, మన విశ్వాసుల లెక్కలు సేవ అనుకొని చేస్తనని అన్నడు. బిల్లులు ముట్టకముందే మోకాళ్ళేసి కండ్లు మూసుకున్నడు. "తండ్రీ, నీ బిడ్డ చెమటోడ్చి సంపాదించింది శత్రువు చేతికి పోనియ్యకు, నీ రెక్కల చాటున దాచిపెట్టు తండ్రీ!" అని ఏడ్చుకుంట ప్రార్థన చేసిండు, నేను గూడ ఏడ్చిన. ఆ శత్రువు ఎవరంటే సేల్స్ టాక్స్ ఆఫీసని నాకు అప్పుడు తట్టలేదు! ప్రార్థన అయినంక నేనడిగింది ఒక్కటే మాట, పన్ను ఎంత తగ్గిస్తవు అని. "సగానికి తెస్త అన్నా, ఆ సగం గూడ నాకే ఇయ్యి, నేనే బ్యాంకుల కట్టి చలానా తెచ్చిస్త" అన్నడు. నా భార్య దీనమ్మ తలుపు కాడ నిలబడి వింటున్నది. ఆయన పోయినంక, "ప్రార్థన చేసి సూది పొడిచినంత మాత్రాన కంపౌండరు డాక్టరయితడా? ఆయన సర్టిఫికెట్ ఏదో అడగరాదు" అన్నది. నేను కయ్యిమన్న. "ప్రార్థన చేసే మనిషిని సర్టిఫికెట్ అడిగితే దేవుణ్ణి అనుమానించినట్టే, నోరు మూసుకో" అన్న. దీనమ్మా, ఈ సంఘం ముందర చెప్తున్న, ఆ మాటకు నన్ను క్షమించు.

మోసపోయిన అని నేను చెప్పుకుంటే అది గూడ సగం అబద్ధమే. వాడు నన్ను ఎట్ల మోసం చేసిండో, నేను సర్కారును గట్లనే మోసం చేద్దామని కూసున్న గదా! అట్ల మిగిలిన పైసలతోటి ఏం చేసిన్నో తెల్సా? ఈ మైకుసెట్టు కొని కృతజ్ఞతార్పణ అని తెచ్చి ఇక్కడ పెట్టిన. సర్కారు సొమ్ము తీసుకొచ్చి దేవునికి కానుక ఇచ్చిన ఘనుణ్ణి నేను! అయ్యగారు కొత్త మైకు నా చేతికే ముందు ఇచ్చిన్రు, నేను ఛాతీ విరుచుకొని ఆ సాక్ష్యం చెప్పిన, బయట రోడ్డు మీది చాయ హోటలు దాకా వినవడ్డదని అందరు మెచ్చుకున్నరు.

ఇగ ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికంటె బరువు. ఆడవాళ్ళ దిక్కు కిటికీ పక్కన కూసున్నది చూడండి, మన సంతోషమ్మ చెల్లె. ఆమె పెనిమిటి కొత్తగూడెం బాయిల పని చేస్తడు, సెలవుకే ఇంటికొస్తడు, ఇక్కడ నూనె మిల్లు ఆమె ఒక్కతే నడిపిస్తది. పల్లీలు, నువ్వులు ఆడించి అమ్ముతది, అడవి ఊళ్ళ ఆడవాళ్ళు ఇప్పపలుకులు, అదే ఇప్ప గింజలు, గంపల తెచ్చి ఆమె కాడనే నూనె పట్టించుకొని పోతరు, ఎందుకంటే తూకంల మోసముండదు. ఆమె ఆ వారమే కాయితాలు మూట కట్టుకొని ఖమ్మం రామ్మూర్తి గారి దగ్గరికి పోదామని బస్సు టైము గూడ అడిగి పెట్టుకున్నది. నా సాక్ష్యం విన్నది, ఆరాధన అయినంక నా దగ్గరికొచ్చి, "అన్నా, ఆ సహోదరుణ్ణి నాకు గూడ చూపియ్యరాదు" అన్నది. నేనే ప్రభుదాసును నా స్కూటరు ఎనక ఎక్కించుకొని ఆమె మిల్లు ముందట దించిన. ఆమె నా తీరుగ సగం చెయ్యమని అడగలే సహోదరులారా. పన్ను ఎంతయితే అంత, పూరాగ వాని చేతుల పెట్టి, కట్టి రమ్మన్నది.

వాడు కట్టలే. నాది కట్టలే, ఆమెది కట్టలే. వాడిచ్చిన చలానాల మీద ముద్ర అసలు బ్యాంకుదే కాదు. వాడు ఆడిటరే కాదు, ఎక్కడ్నో ఒక ఆఫీసుల టైపు కొట్టుకునేటోడు. టాక్స్ ఆఫీసర్లు జీపుల దిగిన నాటికి వాని కిరాయి ఇంటికి తాళమున్నది, భద్రాచలం దిక్కు పోయిండని ఒకరన్నరు, గోదారి దాటి పోయిండని ఇంకొకరన్నరు. నా కాయితాల సగమే కనవడ్డది గనుక నాకు నోటీసు ఇచ్చి ఊకున్నరు. పూరా లెక్క చూపించిన సంతోషమ్మకు బాకీ పెద్దగ కనవడ్డది, ఆమె మిల్లుకు సీలు వేసిన్రు. ఆ పూట అడవి ఊళ్ళ ఆడవాళ్ళు గంపలు దించుకొని వాకిట్ల కూసోనున్నరు, కొంతసేపు చూసిన్రు, మళ్ళ గంపలు నెత్తికెత్తుకొని వచ్చిన తొవ్వనే పోయిన్రు. నేను రోడ్డుకు ఇవతల నిలబడి ఇదంత చూసిన. రోడ్డు దాటలే! బస్టాండుల మనుషులు "సంతోషమ్మ పన్ను ఎగ్గొట్టిందంట" అని నవ్వుకుంటుంటే విన్న, ఒక్క మాట అడ్డం చెప్పలే. జొరమని చెప్పి ఆరాధనకు గూడ రావుడు బంద్ చేసిన. ఆమె మాత్రం నా ఇంటికి వచ్చి ఒక్కనాడు నన్ను నిలదీయలేదు. నిలదీస్తే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

ఇంట్ల కూసోని ప్రార్థన అయితే చేసిన. "ప్రభువా, నన్ను తప్పించు, నా పరువు కాపాడు, నన్ను సిగ్గుపడనియ్యకు" అని గోడకు మొఖం పెట్టి ఏడ్చిన. ఒక మాపటేళ దీనమ్మ నాకు అన్నం పెట్టి, "రోజు నీ కోసం చేసుకుంటున్నవు సరే, ఆ సంతోషమ్మ కోసం ఎన్నడు చేస్తవు?" అన్నది.  నా ప్రార్థనల ఆమె పేరే లేదు సహోదరులారా! కంచం పక్కకు జరిపి అక్కడనే మోకాళ్ళేసిన, "ప్రభువా, నన్ను తప్పించకు, ఆమెను తప్పించు, నేను సిగ్గుపడినా సరే" అన్న. ఆ మాట నా నోట్లకెళ్ళి ఎట్ల వచ్చిందో నాకిప్పటికీ తెల్వదు, దేవునికే మహిమ.

తెల్లారి ఖమ్మం బస్సెక్కిన. రామ్మూర్తి గారు నన్ను చూడంగనే గుర్తుపట్టిండు. నేను తల వంచుకొని, "ఆనాడు మీరొక మాట అడిగిన్రు" అన్న. "అవునండీ, మొదటి మాటకే లేచిపోతిరి, రెండో మాట చాయ తాగుతరా అని అడుగుదామనుకున్న" అని నవ్విండు. చాయ తెప్పిచ్చిండు. నేను బిల్లు లేకుండ అమ్మింది, సగం అడిగింది, ఆమెను నేనే ముంచింది, అన్ని చెప్పిన. ఆయన గోడకున్న సర్టిఫికెట్ చూపిచ్చి, "ముందు ఇది చూడాలండీ, తర్వాతనే మనిషి మొఖం" అన్నడు. చట్టం ప్రకారం తగ్గేది ఒక్క పైస వదలను, తగ్గనిదానికి మాత్రం సంతకం పెట్టనన్నడు. సంతోషమ్మ సంగతి అడిగితే కండ్లద్దాలు తీసి పక్కన పెట్టిండు. "వాణ్ణి ఆమె దగ్గరికి తెచ్చింది మీరేనని, ఆమె పూరా పైసలు ఇచ్చిందని మీరు రాసిస్తే ఆమెకు తొవ్వ దొరుకుతది. కాని అది రాస్తే మీ షాపు సంగతంత బయటపడుతది. ఇంటికి పోయి ఆలోచించుకోండి" అన్నడు. ఇంటికి పోతే నేను మళ్ళ రానని నాకు తెల్సు. ఆ బల్ల మీదనే రాసిన, సంతకం పెట్టిన.

ఆయన మన సంఘస్థుడు కాదు, ఆయన టేబులు మీద భద్రాద్రి రామయ్య పటముంటది. అయినా నన్ను విడిపించనీకి దేవుడు ఆయన చేతినే వాడుకున్నడు. ఆయనే టాక్స్ ఆఫీసుకు నన్ను, సంతోషమ్మను తోలుకపోయి, కూసోని మాట్లాడిండు, ఆఫీసర్లు విని ఆమెకు గడువిచ్చిన్రు, సీలు తీసిన్రు. నా సంగతికొస్తే ఎగ్గొట్టిన పన్ను కట్టనీకి నా లారీ పోయింది, షాపుల సగం పోయింది, ఆమెకు పడ్డ నష్టం నేనే కట్టుకున్న, ఇప్పుడు ఒక్క గదిల మేకులు, బోల్టులు అమ్ముకుంటున్న. కాని బస్టాండుల జీపు ఆగితే నా గుండె దడదడ కొట్టుకోదు, ఇంతకంటె విడుదల నాకేం కావాలె!

సహోదరీ సహోదరులారా, మీల ఎవరన్న నా మాట పట్టుకొని అసొంటోళ్ళ దగ్గరికి పోయి ఉంటే, ఆరాధన అయినంక నా దగ్గరికి రాండి, నేనే ఖమ్మం తీసుకపోత, బస్సు కిరాయి నాది. ప్రార్థన చేసే ఆడిటరు దొరికితే మంచిదే, కాని సర్టిఫికెట్ అడగండి, పన్ను బ్యాంకుల మీ చేతితోటే కట్టండి, ఆయన ముందట ఏది దాయకండి. దేవుని ముందట దాయని మనిషికి ఆడిటరు ముందట దాచేదేముంటది? ప్రభువును నమ్ముకోండి, ఎంత ఊబిల దిగినోణ్ణయినా ఆయన చెయ్యిపట్టి లాగుతడు, నేనే దానికి సాక్ష్యం.

వెనుక నుంచి వినవడుతలేదని చెయ్యూపుతున్నరు, చూసిన. ఈ మైకు పాపపు సొమ్ముతోటి వచ్చింది గనుక ముట్టనని పొద్దున గేటు కాడ సంతోషమ్మకు చెప్పిన. ఆమె నా దిక్కు చూసి, "మైకు ఏం పాపం చేసిందన్నా? నన్ను దొంగ అన్నోళ్ళు రోడ్డు మీద ఉన్నరు, లోపల గుసగుస చెప్తే వాళ్ళకు ఎట్ల వినవడుతది?" అన్నది. నేను ఆమెను దాటుకొని లోపలికొచ్చిన. భక్తి కాదు సహోదరులారా, సిగ్గు. బయటోళ్ళకు వినవడొద్దనే మైకు వద్దన్న.

అయ్యగారూ, మైకు ఆన్ చెయ్యుండ్రి. సౌండు పెంచుండ్రి.

చాయ హోటల్ల కూసున్నోళ్ళు, బస్సు కోసం నిలబడ్డోళ్ళు, అందరు వినండి. నేను సిమెంటు షాపు ఇమ్మానుయేలును. ప్రభుదాసును దేవుడు పంపిండని ఇదే మైకుల నేను చెప్పింది అబద్ధం. వాణ్ణి నూనె మిల్లుకు తీసుకపోయింది నేను. సంతోషమ్మ ఒక్క పైస ఎగ్గొట్టలే, ఎగ్గొట్టింది నేను. దేవునికే మహిమ. చెల్లే, వినవడ్డదా?