ఆయనకు వినబడని చప్పుడు

సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మీద మాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. నా భర్త మెకానిక్. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివి, పెళ్లయ్యాక చాన్నాళ్లు ఇంట్లోనే ఉన్నాను. పాత కార్లకు కార్బ్యురేటర్ తీసేసి, కంప్యూటర్‌తో నడిచే పెట్రోలు ఇంజెక్షన్ పెట్టించుకుని వేగంగా తోలే సరదా ఈ చుట్టుపక్కల కొందరికి మొదలయ్యాకే నా చదువుకు పని దొరికింది. ఇంజిన్ విప్పి బిగించడం ఆయన పని. ఏ వేగంలో ఎంత పెట్రోలు పొయ్యాలో, ప్లగ్గు ఎప్పుడు వెలగాలో లాప్‌టాప్‌లో సరిచెయ్యడం నా పని.

అది షెడ్డులో కూర్చుని చేసే పని కాదు. రోడ్డు మీద ఆయన కారు నడుపుతుంటే, పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నేను అంకెలు చూసేదాన్ని. పొగగొట్టంలో బిగించిన సెన్సర్ ఒక అంకె చూపిస్తుంది. అది పెరిగిందంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. అప్పుడు ఇంజిన్ లోపల, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు సన్నగా, గట్టిగా కొట్టుకుంటుంది. దాన్ని నాకింగ్ అంటారు. ఇంజిన్‌కు బిగించిన చిన్న మైకు నుంచి ఆ చప్పుడు హెడ్‌ఫోన్లలో ఆయనకు వినబడేది. వినబడగానే కాలు తీసెయ్యాలి, లేకపోతే పిస్టన్ కరిగిపోతుంది. నేను చూడడం, ఆయన వినడం. కొన్నేళ్లు అట్లాగే నడిచింది.

తర్వాత ఇంట్లో మా మధ్య మాటలు తగ్గాయి. వంటింట్లోంచి పిలిస్తే ఆయన పలికేవాడు కాదు. ఏదైనా అడిగితే ముఖం చిట్లించి ఊ అనేవాడు. అప్పటికి కస్టమర్లు ఫోన్ చేసి "మేడం ఉన్నదా" అని అడగడం మొదలుపెట్టారు. అదే ఆయనకు గుచ్చుకుందనుకున్నాను. నేనూ మాట్లాడడం తగ్గించాను.

ఆ రోజుల్లోనే మిర్యాలగూడ నుంచి రైస్‌మిల్లు నడిపే ఒకాయన లారీ మీద ఒక పాత కారు తెచ్చి దించాడు. అది చనిపోయిన తన అన్నది. ఆ అన్న కోదాడలో లెక్కల సారుగా చేసేవాడు. ఆదివారాలన్నీ ఆ కారు ముందే కూర్చుని, ఇంజిన్ మొత్తం తన చేతులతో విప్పి కొత్త పిస్టన్లు వేసి, ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోసే టర్బో కూడా బిగించి, గుండెపోటుతో పోయాడు.

"మా అన్న బిగించిన నట్టు ఒక్కటి గూడ ఇప్పకు మేస్త్రీ," అన్నాడు తమ్ముడు. "ఇంజెక్షన్ పెట్టి నడిచేటట్టు జెయ్యి, సాలు. మా వదినెను ఒక్కసారి ఎక్కించుకోని తిప్పాలె."

నా భర్త ఇంజిన్ చుట్టూ తిరిగి చూసి, "సారు చెయ్యి మంచిగున్నది," అన్నాడు. ఆయన ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు.

ఇంజెక్షన్ బిగించాక, పూర్తి వేగంలో చూడాల్సిన రోజు పొద్దున్నే కారును మిర్యాలగూడ తీసుకెళ్లాం. అక్కడ ఎక్కిన యజమానిని ఊరి చివర హోటల్ దగ్గర దించి, సిమెంటు లారీలు మొదలవకముందే వాడపల్లి వైపు బయలుదేరాం. మూడో గేరులో ఆయన కాలు పూర్తిగా తొక్కాడు. అంకె పదకొండున్నర దగ్గర నిలకడగా ఉంది. వేగం పెరిగేకొద్దీ పంపు పెట్రోలు అందించలేకపోయింది. పన్నెండు దాటింది. పదమూడు దాటింది.

"పెట్రోలు తగ్గుతున్నది, కాలు తియ్," అన్నాను.

ఆయన తియ్యలేదు. ముఖం కూడా తిప్పలేదు. అంతకు నెల ముందు ఇంకో కారులో నేను ఇదే మాట అంటే, "నాకింగ్ లేదు, నువ్వు ఊకె భయపడకు" అని కస్టమర్ ముందే అన్నాడు. అది నాలో ఇంకా మండుతోంది. మళ్లీ చెప్పలేదు. భుజం పట్టి ఊపొచ్చు. లాప్‌టాప్‌లో ఒక్క మీట నొక్కి ఇంజిన్ ఆపేయొచ్చు. తనకే తెలిసొస్తుందిలే అనుకుని కూర్చున్నాను. నాలుగైదు సెకన్లు. కారు ఒక్క కుదుపుతో చచ్చుబడింది. వెనక రోడ్డంతా నీలం పొగ.

మిల్లుకు తాడుతో లాక్కొచ్చి, ఆ సాయంత్రమే ఇంజిన్ విప్పాం. మూడో పిస్టన్ అంచు కరిగి ఒక పక్కకు జారి ఉంది.

"ఏమైంది మేస్త్రీ?" యజమాని అడిగాడు. "మా అన్న ఏమన్న తప్పు బిగించిండా?"

నా భర్త చేతులు తుడుచుకున్నాడు. "పిస్టన్ రింగులు సక్కగ కూసోలే గావొచ్చు," అన్నాడు.

లాప్‌టాప్ నా చేతిలోనే ఉంది. జరిగిందంతా అందులో రికార్డై ఉంది. దాని మూత మూసేశాను.

"లెక్కల సారు గద, మెకానిక్ గాదు గద," అన్నాడు యజమాని, మమ్మల్నే ఓదారుస్తున్నట్టు.

మర్నాడు షెడ్డులో, నిలదీద్దామని మైకు రికార్డు పెద్ద స్పీకరులో పెట్టాను. గులకరాళ్ల చప్పుడు షెడ్డంతా నిండింది. ఆయన స్పీకరు దగ్గరకు వంగాడు. ఇంకా వంగాడు.

"ఏది? ఎప్పుడొస్తది?" అన్నాడు.

మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అదే అడిగాడు. నేను స్పీకరు ఆపేశాను.

చెవి డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించింది. లావు చప్పుళ్లు బాగానే వింటున్నాడు. సన్నటి చప్పుళ్ల దగ్గర గీత కిందికి పడిపోయింది. పాతికేళ్ల ఇంజిన్ల మోత రెండు చెవుల్నీ తినేసింది, పోయింది తిరిగి రాదు అన్నది. దవాఖాన మెట్ల మీద ఆయన నా వైపు తిరిగి, "ఆనాడు కార్ల నువ్వేమన్న అన్నవా?" అని అడిగాడు.

"అన్న. ఒక్కసారి," అన్నాను. ఆయన తల తిప్పుకుని మెట్లు దిగాడు.

మిల్లాయనకు నిజం చెబుదామంటే, "చెవుడు మేస్త్రీ దగ్గరికి ఎవడొస్తడు?" అన్నాడు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఆయనకు చెప్పకుండానే మిర్యాలగూడ బస్సెక్కాను.

మిల్లాయన అంతా విన్నాడు. తిట్టలేదు. "రింగుల మాట మా వదినెకు గూడ చెప్పిన చెల్లె," అన్నాడు. "ఇగ నేను పోయి మళ్ల ఏం చెప్పాలె? నువ్వే పో."

కోదాడలో సారు భార్య తలుపు తీసి, లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. తప్పు మాది, సారుది కాదని చెప్పాను. లాప్‌టాప్ తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా, నాకు అర్థం కాదు," అన్నది. "ప్రతి ఆదివారం ఆ కారే. నాతో కాసేపు కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. అంత చేసీ అది కూడా సరిగ్గా చెయ్యలేదా అని కోపమొచ్చింది. పోయిన మనిషి మీద నాలుగు నెలలు కోపంగా ఉన్నాను. ఆయన పనిముట్లన్నీ పాత ఇనుము బండికి వేసేశాను."

నేను క్షమించమన్నాను. ఆమె లేచింది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి, చాలాసేపు రాలేదు. కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. తిరిగి వచ్చి, "సూర్యాపేట బస్సు టైమైంది, వెళ్లమ్మా," అన్నది.

ఆ తర్వాత మేము ఇంజెక్షన్ పని మానేశాం. ఆయన బ్రేకులు, క్లచ్చులు చేస్తాడు. చెవి మిషన్ కొన్నాం గానీ, షెడ్డు మోత తలలో దూరుతుందని పగలంతా తీసి జేబులో వేసుకుంటాడు. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్లి నిలబడి చెబుతాను. అట్లా నిలబడి చెప్పేంత ముఖ్యమైన మాటలు రోజుకు రెండో మూడో ఉంటాయి. మిగతావి చెప్పడం లేదు.