అత్త గొంతు మీద పడిన కరువు

కొత్త ఫ్లెక్సీకి ఒక మందు వాసన ఉంటుంది, ఎండ తగిలేకొద్దీ ముక్కును పట్టుకుని వదలదు. మొన్న గార్లదిన్నె దాటి మా ఊరి మలుపులో బస్సు దిగగానే ఆ వాసనే ఎదురొచ్చింది. తలెత్తి చూస్తే మా ఓబులమ్మత్త. చేతిలో మైకు, ఫొటోకు పూలదండ, కింద ‘మా ఊరి గానకోకిలకు జోహార్లు’ అని పెద్ద అక్షరాలు. అత్త పోయిన పదకొండో రోజున ఊరు సంతాపసభ పెట్టింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఓబులమ్మత్త మా నాయనకు చెల్లెలు. నా చిన్నతనంలో మా ఇంట్లోనే ఉండేది. విత్తనానికి వేరుశనగ కాయలు వలిచే ఎండాకాలపు మధ్యాహ్నాల్లో, ఎర్రటి దుమ్ము గొంతులో దిగుతుంటే, అవ్వ వక్కాకు నములుతూ కునుకు తీస్తుంటే, మేం పిల్లలం విత్తనాలు కాజేసి బెల్లంముక్కతో బుగ్గన పెట్టుకుంటుంటే, అత్త పాడుతూనే ఉండేది, చేతులూ ఆగేవి కావు, గొంతూ ఆగేది కాదు. వాన మొహం చాటేసిన ఏడాది ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అంటూ వీధి వీధీ తిప్పేవాళ్లు. ముందు నడుస్తూ పాడేది అత్తే. ప్రతి ఇల్లాలూ గడప దిగి కప్ప మీద బిందెడు నీళ్లు పోసి, చేటలో గింజలు పెట్టేది. ఆ గింజలతో సంగటి కెలికి ఊరంతా కలిసి తినేవాళ్లం. వరసగా రెండేళ్లు అత్త పాడిన వారానికే వాన పడింది. ఇక ఊరు ఆమెను నెత్తిన పెట్టుకుంది.

ఆ పేరు విని గుంతకల్లు నుంచి క్యాసెట్లు చేసే ఆయన ఒకడు వచ్చాడు. అత్త చేత కప్పతల్లి పాట, దాంతోపాటు ఇంకో ఏడు పాటలు పాడించి తీసుకుపోయాడు. టీ కొట్లలో, బస్సుల్లో, పెళ్లి పందిళ్లలో ఎక్కడ విన్నా అత్త గొంతే. సరిగ్గా ఆ ఏడాదే వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే వేళకు ఒక్క చుక్క రాలలేదు. చేలు నిలబడినవి నిలబడినట్టే మాడిపోయాయి. పక్కింటి లింగన్న తాత మా అరుగు మీద కూర్చుని అన్నాడు:

“వానపాటను డబ్బాలో పెట్టి అమ్మినాక, వాన యాడొస్తాదప్పా?”

నాయన తల దించుకున్నాడు. చెల్లెలి తరఫున ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే సాక్ష్యమైపోయి మాట ఊరంతా పాకింది.

మరుసటి ఏడూ వాన లేదు. కప్పతల్లిని కట్టారు, అత్తను మాత్రం పిలవలేదు. ఆమె పాట మొత్తం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, అప్పుడు నాకు పదేళ్లు. నాయనే నన్ను ముందు నిలబెట్టాడు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉంది. మా ఇంటి ముందుకు రాగానే అత్త బిందె పట్టుకుని గడప దిగింది. “నువ్వు పోస్తే వచ్చే వాన గూడా పోతాది, వద్దులేమ్మా” అని రోకలి పట్టుకున్న ఆమె పక్కింటికి నడిచింది. నేను పాట ఆపలేదు. అత్త కాసేపు నావైపు చూసి నెమ్మదిగా అంది:

“ఆ చరణం కాడ ఊపిరి బిగబట్టల్ల పాపా. తొందరపడతాండావు.”

వాన ఆ ఏడూ రాలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు.

దసరా లోపే అత్త గుంతకల్లు వెళ్లి ఆర్కెస్ట్రాలో చేరింది. విడపనకల్లు నుంచి బళ్లారి దాకా ఆమె పాడని జాతర లేదంటారు. మా ఊళ్లో మాత్రం మళ్లీ పాడలేదు, పాడమని పిలిచినవాళ్లూ లేరు.

ఇప్పుడు కాయలు యంత్రం వలుస్తుంది. కప్పను కట్టడం ఎప్పుడో పోయింది, కప్పలే కనబడవు. సభలో లింగన్న తాత కొడుకు మైకు పట్టుకుని “ఓబులమ్మక్క గొంతంటే మా ఊరికి పానమప్పా” అని కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత నా వంతు వచ్చింది. ఆమె చేతి నీళ్లు వద్దన్న వీధి ఇదేనని, ఆమె పాటను నేరం చేసి తరిమేశామని కడుపులో ఉన్నదంతా కక్కేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆమె బదులు పాడిందెవరని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.